పక్కన ఎవరూ లేనివాళ్ల కోసం

ఆపా పోయిందన్న కబురు నాకు ఎస్టీడీ బూతులో తెలిసింది. చౌటుప్పల్‌లో మా వీధి చివర బూతు నడిపే ఆయన పొద్దున్నే ఇంటి ముందుకొచ్చి, "మేడం, కొత్తకోట నుంచి మీకు ఫోనొచ్చింది. మల్ల జేస్తమన్నరు. జర వచ్చి కూసోండ్రి" అన్నాడు. కొత్తకోటలో నాకు తెలిసిన మనిషి ఆపా ఒక్కతే. ఆమె ఫోన్ చేసే మనిషి కాదు, ఏదైనా చెప్పాలంటే కార్డు ముక్క రాసేది. అందుకని చెప్పులు తొడుక్కుంటుండగానే నాకు సగం అర్థమైంది. ఫోన్‌లో ఆమె అన్న కొడుకు. "ఫుప్పీ నిద్రలనే పోయిందక్కా. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక తీస్కపోతరు. మీకు చెప్పమన్నది అమ్మ" అన్నాడు. నేను "అట్లనా" అన్నాను. మనిషి పోయిందంటే అనాల్సిన మాటేనా అది అని తర్వాత అనిపించింది, కానీ అప్పటికే అవతల ఫోన్ పెట్టేశారు.

ఆపా అంటే ఉర్దూలో అక్క. నల్లగొండలో మేం పనిచేసిన నీళ్ల సర్వే ఆఫీసులో ఆమెను అందరూ అలాగే పిలిచేవాళ్లు, ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా. జిల్లాలో ఏ ఊరి బావిలో, ఏ బోరింగులో ఎంత ఫ్లోరైడు ఉందో పరీక్షించి, ఆ అంకెలు కంప్యూటర్‌లో ఎక్కించడం మా ఆఫీసు పని. ఆ కంప్యూటర్ గదికి ఆపా పెద్ద. నేను అంకెలు ఎక్కించే ఆపరేటర్‌ని. చిట్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. లెక్కల్లో ఎం.ఎస్సీ. చేసిన మనిషి కదా, ఎంత గట్టిగా ఉంటుందో అని మొదటిరోజు భయపడుతూ వెళ్లాను. ఆమె నా టిఫిన్ డబ్బా చూసి "ఏం తెచ్చినవ్ చెల్లె?" అని అడిగింది. అంతే, భయం పోయింది.

ఆమె పెళ్లి చేసుకోలేదు. రామగిరి వైపు ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. ఎందుకు చేసుకోలేదని ఆఫీసులో ఎవరూ అడగలేదు. నాకు నోరు ఆగదు కనుక ఒకరోజు అడిగేశాను. "అడిగినోళ్లు నాకు నచ్చలే, నాకు నచ్చినోళ్లు అడగలే" అని నవ్వి సోంపు గింజలు నోట్లో వేసుకుంది. ఆ మాట ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలా వినిపించింది నాకు. మళ్లీ అడగలేదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్లేం చేశారో ముందు చెబుతారు. బడి పెట్టించారనో, పదిమందిని చదివించారనో రాస్తారు. ఆపా విషయంలో అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. ఆమె చేసిన పని ఏమిటో సూటిగా చెప్పడం కష్టం, వినేవాళ్లకు ఓపిక ఉండదు. "కంప్యూటర్ మేడం" అంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. అలా అన్నవాళ్లమీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకని ఓపిక చేసుకుని వినమని ఈ నాలుగు ముక్కలు.

మా గదిలో ఏసీ ఉండేది. అది మా కోసం కాదు, మిషను కోసం. ఎండాకాలంలో నల్లగొండ అంతా ఉడికిపోతుంటే మేం శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్లం. కరెంటు పోతే మిషనుకు కష్టమని ఆఫీసరు పరుగెత్తుకొచ్చేవాడు, మాకు కష్టమని ఎవరూ రాలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఇంజినీరు ఆ మిషనులో ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష వేసి వెళ్లాడు. పెద్ద ప్రోగ్రాం రాయక్కర్లేకుండా ఒక్క వరుసలో ఆజ్ఞ కొడితే వేల వరుసల ఫైళ్లు సరిచేసి పెట్టే భాష అది. దాన్ని పిలిచేటప్పుడు పేరు పక్కన చిన్న అడ్డగీత పెట్టి ఒక అక్షరం కొట్టాలి. ఆ అక్షరాన్ని స్విచ్ అంటారు. గోడమీద స్విచ్‌ల లాగే ఒక్కో అక్షరం ఒక్కో పని చేస్తుంది. గోడమీదైతే తప్పు స్విచ్ నొక్కితే ఫ్యానుకు బదులు లైటు వెలుగుతుంది, మళ్లీ నొక్కుకుంటాం. ఇక్కడ మళ్లీ నొక్కుకోవడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఏ అక్షరం ఏం చేస్తుందో చెప్పే ఇంగ్లీషు వివరణ మిషనులోనే ఉండేది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ దాన్ని రాసినవాళ్లు తమలాంటి వాళ్ల కోసమే రాసుకున్నారు. మన ఊళ్లో ఎవరినైనా దారి అడిగితే "గా మలుపు తిరిగితే వస్తది" అంటారు చూడండి, ఏ మలుపో వాళ్లకు తెలుసు కనుక. అచ్చం అట్లా ఉండేది. పక్కన అడగడానికి ఇంకో మనిషి ఉన్నవాళ్లకు ఆ వివరణ చాలు. నల్లగొండలో ఆపాకు పక్కన అడిగే మనిషి ఎవరూ లేరు. జిల్లా మొత్తంలో ఆ భాష తెలిసింది ఆమెకే, అదీ సగం తెలుసు.

ఒకనాడు చిట్యాల మండలం బావుల ఫైళ్లలో కోడ్ నంబర్లు తప్పుగా పడ్డాయని సరిచేయడానికి కూర్చుంది. ఆ భాషలో 'ఎన్' అనే స్విచ్ ఉంది. అది ఫైలులోని వరుసలను ఒక్కొక్కటిగా తీసుకుని మనం చెప్పిన పని వాటిమీద చేస్తుంది. 'ఐ' అనే స్విచ్ ఉంది, అది మార్పులను అదే ఫైలులో చేయిస్తుంది. ఆపా రెండూ కలిపి కొట్టింది. మిషను ఏమీ అనలేదు. తప్పు చేస్తే అది తిడుతుందనుకుంటాం కదా, అది మర్యాదగా పని ముగించి తర్వాతి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆపా ఫైలు తెరిచింది. ఖాళీ. ఇంకోటి తెరిచింది. అదీ ఖాళీ. మండలం మండలమంతా తుడిచిపెట్టుకుపోయింది.

తర్వాత అర్థమైంది ఏమిటంటే, 'ఎన్' పెట్టినప్పుడు సరిచేసిన వరుసను మళ్లీ రాయమని మనమే చెప్పాలి. చెప్పకపోతే అది రాయదు. దాని జోడీ 'పి' అయితే చెప్పకపోయినా రాస్తుంది. 'ఐ' పక్కన ఒక చిన్న తోక పేరు పెడితే పాత ఫైలు కాపీ దాచి ఉంచుతుంది, పెట్టకపోతే దాచదు. ఈ మూడు సంగతులూ ఆ వివరణలో మూడు చోట్ల ఉన్నాయి. మూడూ కలిస్తే ఫైలు ఖాళీ అవుతుందన్న మాట మాత్రం ఒక్కచోటా లేదు.

కాగితాలు ఉంటాయి కదా, మళ్లీ ఎక్కించుకోవచ్చు కదా అంటారేమో. మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. అంకెలు కంప్యూటర్‌లో ఎక్కాయంటే ఆ కాగితాలు తూకానికి అమ్మేసేవాళ్లు. కంప్యూటర్‌లో ఉన్నదానికి కాగితమెందుకు అని. మిషను అంటే ఎంత నమ్మకమో మాకు. ఆ అంకెలున్న కాగితాలు అప్పటికే గడియారం చౌరస్తాలో మిర్చి బజ్జీల పొట్లాలయి ఉంటాయి.

ఆఫీసరు మంచివాడే. "పోయినేటి అంకెలే కొంచెం అటూ ఇటూ చేసి వేసేయండి, ఎవరడుగుతారు" అన్నాడు. ఆమెను కాపాడాలనే అన్నాడు. ఆపా ఒప్పుకోలేదు. "తాగేటోళ్లు అడగరు సర్. వాళ్లకు అడగొచ్చని ఎర్కలేదు" అంది. మర్నాడు ఆఫీసు నుంచి ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని బస్సెక్కింది. నేనూ వెంట వెళ్లాను. నాకు ఆ దారులు తెలుసు, అదీగాక ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ధి కాలేదు.

ఆ తిరుగుడు గురించి ఒక్క ఊరి సంగతి చెబుతాను. నడుము విల్లులా వంగిపోయిన ఒక ముసలమ్మ మమ్మల్ని బోరింగు దగ్గర ఆపింది. ఆ నీళ్లు తాగి తాగి ఒంగిన నడుమే అది. "మొన్ననే పట్టుకపోయిన్రు గదనే సీసల. మల్లెందుకొచ్చిన్రు?" అని అడిగింది. నేనైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. ఆపా ఆమె ముందు గొంతుక్కూర్చుని మొహంలోకి చూస్తూ చెప్పింది. "అవి నా చేతులనే పోయినయవ్వా. నాదే తప్పు. జర మల్ల పట్టుకపోనియ్యి."

"సీసలు పలిగినయా?"

"పలగలే. రాసుకున్నది పోయింది."

"రాసుకున్నది పోతే బాయి పోయిందా? బోరింగు పోయిందా? ఈడనే ఉన్నయి. ముంచుకపో" అంది ముసలమ్మ. ఫైళ్లు పోయిన రోజు నుంచి ఆపా నవ్వడం చూడలేదు నేను. ఆరోజు బస్సులో నవ్వింది, తర్వాత బుర్ఖా ముసుగు దించుకుంది. ముసుగు వెనక ఏడుస్తోందని నాకు తెలుసు. నార్కట్‌పల్లి దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అంకెలన్నీ మళ్లీ వచ్చాయి. ఆ తర్వాతే ఆమె తన అసలు పని మొదలుపెట్టింది. ఆ భాషలోని ఒక్కో స్విచ్‌కూ తెలుగులో ఒక వివరణ, మళ్లీ ఇంగ్లీషులో ఒకటి రాయడం. ఎవరూ రాయమనలేదు. రాసినందుకు ఎవరూ శెభాష్ అనలేదు. ప్రతి స్విచ్ గురించీ ఇది ఏం చేస్తది అని రాసేది, ఏం చేయదు అని రాసేది. ఇంకోటి కూడా రాసేది, "నీకు ఇది ఎర్క లేకపోతే ఏమైతది" అని. ఆ మూడోది ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. అది చిట్యాల ఫైళ్ల దగ్గర పుట్టిందని నాకు తెలుసు, ఆమె మాత్రం ఎప్పుడూ అనలేదు.

రాయడం ఒక ఎత్తయితే, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం ఇంకో ఎత్తు. ఆమెకొక పద్ధతి ఉండేది. కాగితం నా చేతికిచ్చి, దాంట్లో ఉన్నట్టు చేయమని చెప్పి, తను గది బయటికి వెళ్లిపోయేది. వెళ్లి సైకిల్ స్టాండు పక్క మెట్టుమీద కూర్చునేది. లోపల చల్లగా శాలువా కప్పుకుని నేను, బయట మండుటెండలో ఆమె. "ఈడనే కూసోండి ఆపా, ఎండల ఎందుకు?" అంటే ఒప్పుకునేది కాదు. "నేను పక్కనుంటే నువ్వు కాయితం చదవవు చెల్లె, నా మొహం చదువుతవు. ఇది చదివెటోళ్ల పక్కన నేనుండను గద" అనేది.

నేను తప్పు చేసేదాన్ని. చేయకుండా ఎట్లా ఉంటాను. తప్పు చేసినప్పుడల్లా ఆమె లోపలికొచ్చి తెర చూసి, కాగితం తీసుకుని, నేను ఎక్కడ పొరబడ్డానో అక్కడి మాట కొట్టేసేది. నన్ను ఒక్క మాటా అనేది కాదు. ఒకసారి విసుగొచ్చి నేనే అన్నాను, "నాకు తెలివి తక్కువ ఆపా, ఇంకెవలికన్న ఇయ్యుండ్రి" అని. "నీకు సమజ్ కాలేదంటే తప్పు నీది గాదు, రాతది" అంది. ఇంట్లోనూ బడిలోనూ నాతో అట్లా అన్నవాళ్లు లేరు. ఆ మాటకు నేను ఆమెకు ఎంత రుణపడ్డానో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మా మధ్య నవ్వులాటలు కూడా ఉండేవి. 'డబ్ల్యూ' అనే స్విచ్ ఉంది. అది పెడితే మనం చేసే పనిలో తేడా ఏదైనా కనిపిస్తే గొణుగుతుంది, కానీ పని ఆపదు. అప్పటికి నాకు పెళ్లయింది, దానికి నేనొక వివరణ చెప్పాను. "డబ్ల్యూ అంటే మా అత్త. వంట ఆపది, వంక పెట్టక ఆగది." ఆపా కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. మరి రాసుకోమంటే తల అడ్డంగా ఊపింది. "అందరికి అత్త ఉండది చెల్లె. నాకు లేదు. నా అసుంటోళ్లకు ఎట్ల సమజైతది?" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆరోజు సాయంత్రం ఆమె గది వైపు ఒక్కతే నడిచి వెళ్తుంటే ఆమె వీపు వైపు చూస్తూ బస్టాండు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నా బస్సు కూడా పోయింది.

అన్ని స్విచ్‌లకూ వివరణలు కుదిరాయి. ఒక్కటి కుదరలేదు. 'ఎన్', 'ఐ' కలిస్తే ఏమవుతుందన్నది. ఆమె ఫైళ్లను మింగింది అదే కదా. ఒంటరిగా కూర్చుని చదివే మనిషికి మొదటిసారి చదవగానే అర్థమయ్యే ఒక్క వాక్యం కావాలని ఆమె పట్టుదల. "ఎన్ పెట్టినప్పుడు వరుసలు వాటంతట అవి రాయబడవు" అని మొదట రాసింది. తెరమీద కనిపించవు కాబోలు, ఫైలుకేం కాదులే అనుకున్నాను నేను. కొట్టేసింది. "తెరమీదికి పోయేదే ఫైలులోకి పోతుంది" అని రాసింది. అయితే ఉన్నదానికి వచ్చి కలుస్తుందేమో అనుకున్నాను. కొట్టేసింది. "జాగ్రత్త, పాత ఫైలు పోతుంది" అని రాసిన రోజు నేను ఆ స్విచ్ ముట్టుకోవడమే మానేశాను. దాంతో ఆమెకు ఇంకా దిగులైంది. "భయపెడితే మనిషి పని నేర్వడు. పని ఇడిసిపెట్టి పోతడు" అని ఆ కాగితాన్ని మడిచి కిటికీ సందులో పెట్టింది.

ఇంగ్లీషు ప్రతిని ఆ ఇంజినీరు చేతికిచ్చి, ఈ భాషను తయారుచేసిన వాళ్లకు ఎట్లాగైనా చేర్చమంది. ఆయన సరేనని తీసుకెళ్లాడు. జవాబు రాలేదు. చాలా రోజులకు హైదరాబాద్ నుంచి ఆ భాష కొత్త కూర్పు ఒక టేపులో వచ్చింది. 'ఐ' స్విచ్ వివరణ పాతదానికంటే కొంచెం పొడుగైంది. నేను సంబరంగా పిలిచి చూపించాను. ఆపా కళ్లద్దాలు సవరించుకుని నెమ్మదిగా చదివింది.

"మీదేనా ఆపా?"

"ఏమో. నాదైతే చదివెటోళ్లను ఇంత పరేషాన్ జెయ్యది" అంది. మళ్లీ చదివింది. "ఇది గూడ పక్కన మనిషి ఉన్నోళ్లకే రాసిన్రు" అని కుర్చీలోంచి లేచింది. మనదేనని ఒప్పుకుని సంతోషపడితే ఏం పోయేది అని నాకు కోపం వచ్చింది. సంతోషపడే రకం కాదు ఆమె.

తర్వాత ఆ సర్వే ముగిసింది. ఆఫీసు మూసేసి మమ్మల్ని తలోచోటికి పంపారు. నేను ఎటూ అప్పటికే చౌటుప్పల్ కోడలిని, అక్కడే ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని దొరికింది. ఆపా ఒంట్లో బాగాలేక, రిటైర్మెంటుకు ముందే ఉద్యోగం వదిలి కొత్తకోటలో అన్న ఇంటికి చేరింది. నేను చేరిన చోట చాలామంది ఉన్నారు, అందరూ మంచివాళ్లే. కానీ నేను తప్పు చేస్తే రాతను అనుమానించే మనిషి అక్కడ లేదు. ఆ లోటు ఎవరికీ చెప్పుకునేది కాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేటప్పుడు ఏం తెచ్చావని అడిగే గొంతు కోసం చెవులు ఇప్పటికీ ఆగుతాయి.

అప్పుడప్పుడు కార్డు వచ్చేది. అందులో క్షేమ సమాచారాలు ఉండేవి కాదు. ఆ కుదరని వాక్యమే మళ్లీ ఇంకో రకంగా రాసి, కింద "ఏం సమజైందో రాయి" అని ఉండేది. మా ఆయన "మీ ఆపా మళ్లీ పొడుపుకథ పంపింది" అని నవ్వుతూ నా చేతికిచ్చేవాడు. నేను అర్థమైనట్టు తిరిగి రాసేదాన్ని. ఎంత జాగ్రత్తగా చదివినా ఎక్కడో ఒకచోట తప్పుగానే అర్థమయ్యేది. అర్థమైందని అబద్ధం రాస్తే ఆమె స్థిమితపడుతుందేమో అని ఒకసారి అనుకున్నాను. రాయలేకపోయాను.

చలికాలంలో ఒక ఆదివారం వెళ్లి చూసొచ్చాను. మేడమీద చిన్న గది. మంచం, కుర్చీ, కిటికీ. కిటికీలోంచి బెంగుళూరు రోడ్డుమీద లారీలు కనిపిస్తాయి. కంప్యూటర్ లేదు. ఇంటి నిండా అన్న పిల్లలు, వాళ్ల పిల్లలు, కింద నుంచి ఒకటే సందడి. "ఇక్కడ మంచిగుంది గద ఆపా, ఇంటినిండ మనుషులు" అన్నాను. "ఉన్నరు. మంచోళ్లు. మాట్లాడెటందుకే ఎవలు లేరు" అంది. అంత తేలిగ్గా అంది. తర్వాత నా వైపు వంగి, మరిచిపోయిన పనేదో గుర్తొచ్చినట్టు, "ఆ ముక్క ఇంకా సక్కగ రాలే చెల్లె" అంది. నాకు ఏడుపొచ్చింది. ఇంక వదిలేయండి ఆపా, ఆ మిషనే పోయింది, ఆ ఆఫీసే పోయింది అన్నాను. "మిషను పోయింది. ఆడెవలో ఒక్కలే కూసోని చదువుతుంటరు గద ఇయ్యాల గూడ" అంది. ఎక్కడో ఎవరో. ఆమె ఎన్నడూ చూడని మనిషి. ఆ మనిషి గురించి ఆమెకున్న ఫికర్ తన గురించి కూడా ఉండేది కాదు.

నేను కొత్తకోట చేరేసరికి స్నానం చేయించి కఫన్ గుడ్డ కప్పేశారు. మొహం చూడనిచ్చారు. వాళ్ల ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్లు కబరస్తాన్‌కు వెళ్లరు. మగవాళ్లు భుజాలమీద ఎత్తుకుని సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాం. తర్వాత ఆడవాళ్లందరూ లోపల దుప్పటి పరిచిన గదిలో కూర్చున్నారు. కొందరు ఖురాన్ చదువుతున్నారు, కొందరు తస్బీ పూసలు తిప్పుతున్నారు. ఎవరో పక్కింటి నుంచి చాయ్ తెచ్చారు. నేను గోడకు ఆనుకుని ఒక మూల కూర్చున్నాను. ఆ గదిలో నాకు బాగా తెలిసిన మనిషి లేదు.

ఆపా వాళ్ల వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. పెద్దావిడ, మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని కూలబడింది. చాయ్ గ్లాసు నా ముందుకు జరిపింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్కమాట అడుగుత, ఏమనుకోకు బిడ్డా. మా ఆడబిడ్డ ఆడ ఏం పని జేసేది? అందరు కంప్యూటర్ అంటరు. నన్నడిగితే నేను గూడ గదే చెప్త. ఇంట్లనే ఉండె, నాకే ఎర్క లేకపాయె. పైన ఒక్కతే కూసోని ఎప్పుడు ఏదో రాసేది. అడిగితే నవ్వేది."

చెప్పడం మొదలుపెట్టాను. స్విచ్‌లనీ, ఫైళ్లనీ, భాష అనీ ఏదేదో చెప్పాను. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు. ఈ ఇంట్లోవాళ్లకు కూడా ఆమె కంప్యూటర్ మేడంగానే మిగిలిపోతుందేమో అని నాకు దిగులు పట్టుకుంది. ఆగిపోయాను. ఇంకెవరైనా అయితే సరేలే అని వదిలేసేవాళ్లు. ఆమె వదల్లేదు.

"జర మల్ల చెప్పు. నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ఇంగ్లీషు అక్షరాలన్నీ పక్కనపెట్టాను. "మిషన్ల వరుసలు వరుసలు రాసి ఉంటయి భాబీ. అండ్ల తప్పులుంటయి. ఒక్కొక్క వరుస తీసి, మంచిగ జేసి, మల్ల దాంట్లనే పెట్టాలె. ఒక తీరుగ చెప్తే తీస్తది, మంచిగ చేస్తది, పెడ్తది. ఇంకో తీరుగ చెప్తే తీస్తది, మంచిగ చేస్తది. మల్ల పెట్టమని మనం వేరే చెప్పాలె. చెప్పకపోతే పెట్టది. పాతది గూడ ఉండది. ఆపాకు గట్లనే అయ్యింది. ఇంకొకలకు గట్ల కావొద్దని, పక్కన ఎవలు లేకున్నా చదివి తెలుసుకోవాలని రాసేది."

ఆమె కళ్లు మూసుకుంది. వేళ్ల మధ్య తస్బీ పూసలు కదులుతున్నాయి. నిద్రలోకి జారిందేమో అనుకున్నాను. కళ్లు తెరవకుండానే అంది.

"అంటే, పిండి జల్లిస్తనే ఉన్నం గని జల్లెడ కింద పళ్లెం పెట్టలే. జల్లెడ దాని పని అది చేసింది. పళ్లెం పెట్టుమని అదెందుకంటది? పెట్టాల్సింది మనం. డబ్బల పిండంత అయిపాయె, పళ్లెంల ఏం లేకపాయె." కళ్లు తెరిచి నా వైపు చూసింది. "గదేనా బిడ్డా?"

అదే. తెరమీదా కాదు, కలవడమూ కాదు, భయమూ లేదు. ఎక్కడా పొరబడడానికి సందు లేదు. జల్లెడ లేని ఇల్లు ఉండదు. ఒక్కతే ఉండే మనిషి ఇంట్లో కూడా ఉంటుంది.

"జర ఆగుండ్రి భాబీ, ఆపాకు చెప్పొస్త" అని లేచి నిలబడ్డాను.

గదిలో చదువుతున్నవాళ్లు చదవడం ఆపి నా వైపు చూశారు. భాబీ కూడా నాలాగే ఒక్క క్షణం మరిచిపోయి, మేడమీద గదికి వెళ్లే మెట్ల వైపు చూసింది. బయట మగవాళ్లు కబరస్తాన్ నుంచి తిరిగొచ్చి, నల్లా కింద మట్టిచేతులు కడుక్కుంటున్నారు.